వేళాకోళపు వరస

పొద్దున్నే అచ్చుగదిలోకి వస్తూనే జెలిపా జెరె టీచరు గోడ స్విచ్చు మీద అట్టముక్క పెట్టి టేపు అంటించింది. కుర్చీ లాక్కుని దానికి అడ్డంగా కూర్చుంది. ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. టీ తెచ్చిన ఆయా గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది టీచరమ్మా, పొదుగుడు కోడిలాగా కూర్చున్నావు?"

"పొదుగుడు కోడినే అనుకో. ఇందులో చెయ్యి పెట్టినవాణ్ణి పొడుస్తా."

నవ్వుతుందేమోనని ఆయా కాసేపు చూసింది. జెలిపా నవ్వలేదు. ఆయా టీ గ్లాసు ఆమె చేతికి తగిలేలా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

చిపాటా ఊరి వెలుపల, కొండ వాలులో ఉంటుంది ఆ బడి. చూపులేని పిల్లల బడి. చిన్నప్పుడు తట్టు పోసి కళ్ళు పోతే జెలిపాని ఆ బడిలోనే వేశారు. అక్కడే చదివింది, అక్కడే టీచరయింది, అక్కడే తల నెరిసింది. పిల్లలు వేళ్ళతో తడిమి చదువుకునే చుక్కల పుస్తకాలు తయారుచేయడం ఆమె పని. ఎవరైనా మామూలు పుస్తకం పైకి చదువుతుంటే ఆమె టైపు చేస్తుంది. పక్కనున్న యంత్రం మందపాటి కాయితం మీద దాన్ని చుక్కలుగా పొడుస్తుంది.

ఈ ఏడు ఏడో తరగతి న్యాంజా భాష పాఠాలు మొత్తం మారిపోయాయి. కొత్తవి చుక్కల్లోకి రాకపోతే పిల్లలు పెద్దపరీక్షకి చెవితో విన్నది నెమరేసుకుని కూర్చోవాలి. మునుపొకసారి అలా కూర్చున్నవాళ్ళు సగానికి సగం తప్పారు. తప్పినవాళ్ళని ఇళ్ళవాళ్ళు మళ్ళీ పంపలేదు. చూపున్న పిల్లలకే రెండోసారి ఫీజు కట్టడం కష్టమైన ఇళ్ళు అవి. ఆ పిల్లల పేర్లు జెలిపాకి ఇప్పటికీ నోటికొచ్చు. అందుకే చలికాలం మొదలైనప్పటి నుంచీ, బడి వదిలాక రోజూ సాయంత్రం, టిసియెంజి అనే చిన్న టీచరు చదివి పెడుతుంటే ఆమె ఈ పాఠాలు కొడుతూనే ఉంది. నిండు కడుపుతో టిసియెంజి ఒగరుస్తూ చదివేది. చివరి పాఠం చదివి, పుస్తకం మూసి, కాన్పుకి తల్లి ఊరు వెళ్ళిపోయింది. ఇక మిగిలింది కాయితం ఎక్కించి అచ్చు తీయడమే. మందపాటి కాయితం అయిపోయింది. అది రాజధాని లుసాకా నుంచి రావాలి.

న్యాంజాని చుక్కల్లోకి సరిగ్గా మార్చే ప్రోగ్రాం ఒక్కటే ఉంది. ఆ బడిలోనే పనిచేసి పోయిన ఒక పాత మేష్టారు రాసిపెట్టాడు. అది పాతకాలపు కంప్యూటరులో తప్ప నడవదు. ఆ పాత కంప్యూటరు చచ్చింది. అప్పుడు లుసాకా నుంచి ఇంజనీరు కసోండె వచ్చి, కొత్తదాన్ని పెట్టి, దాని కడుపులో పాతదాన్ని కూర్చోబెట్టి వెళ్ళాడు. కూర్చోబెట్టడమంటే పెట్టెలో పెట్టె కాదు. కొత్తదానిలో ఒక చిన్న మాట టైపు చేసి ఎంటర్ కొడితే లోపల పాతది నిద్ర లేస్తుంది. తను ఇంకా తన పాత ఇంట్లోనే ఉన్నాననుకుని తన పని తను చేసుకుపోతుంది. బొమ్మలు లేవు, బాణాలు లేవు. అంతా అక్షరాలే. అక్షరాలైతే కంప్యూటరు గొంతు పైకి చదివి వినిపిస్తుంది, కాబట్టి జెలిపాకి అదే సుఖం. పట్నంలో కొడుకింటికి వచ్చినా పల్లెలో ఉన్నట్టే మాట్లాడే ముసలాయనలా ఉండేది ఆ లోపలిది. ఆమె దాన్ని తాత అని పిలిచేది. పొద్దున రాగానే "తాతా, బాగున్నావా" అనేది.

తాతని ఇంతకుముందు, ఈ పాఠాలు మొదలవకముందు, రెండుసార్లు మూశారు. ఒకసారి పిడుగులు పడుతున్నాయని, ఇంకోసారి సోలారు బ్యాటరీలు మార్చాలని. రెండుసార్లూ తిరిగి లేపితే ఆమె కొట్టిన పాఠాలు కనిపించలేదు. హెడ్మాస్టరు న్జోవు పొద్దుటి ప్రార్థన దగ్గర పిల్లలందరి ముందూ మెత్తగా అన్నాడు: "టీచర్ జెరెకి వయసు మీద పడుతోంది. దాచుకోవడం మరిచిపోతున్నారు. మనమే ఓర్చుకోవాలి." జెలిపా తల దించుకుంది. నిజమేననుకుంది కూడా. తన తల్లికీ ఆ వయసులోనే మరుపు వచ్చింది. ఆనాటి నుంచీ వాక్యం వాక్యానికీ దాచే మీట నొక్కేది. పడుకునేముందు నొక్కానా లేదా అని మంచం మీద వేళ్ళు ఆడించి చూసుకునేది.

నిన్న న్జోవు, తరగతి గదిలో ఇంకో కంప్యూటరులోనూ తాతని పెట్టమన్నాడు. అందుకోసం, ఆ చిన్న మాట వెనక కసోండె దాచిపెట్టిన పొడుగాటి ఆదేశాన్ని ఆమె మొదటిసారి గొంతుతో చదివించుకుని వింది. జ్ఞాపకం ఎంత ఇవ్వాలి, డిస్కు ఏది, అచ్చుయంత్రం ఎటు కలపాలి, అన్నీ వరసగా వచ్చాయి. చివర్లో ఒక మాట వచ్చింది: స్నాప్‌షాట్. అది ఎందుకో తెలియలేదు. దూరాన మోంగు ఊళ్ళో ముబితా ఉన్నాడు. అతనికీ చూపు లేదు, రేడియోలో ఇలాంటి పనే చేస్తాడు. అతనికి ఫోను చేసింది.

"సరిగ్గా విన్నావా అక్కా?" అన్నాడు ముబితా.

"ఒక్కో అక్షరం పలికించా."



"అయితే మీ తాత ఇన్నాళ్ళూ పలక మీద రాస్తున్నాడక్కా. ఆ మాట పెడితే అంతే. నువ్వు ఎన్నిసార్లు దాచినా పలక మీదే దాస్తాడు. మూసిన మరుక్షణం తుడిచేసి, పుట్టినప్పుడు ఎట్టా ఉన్నాడో అట్టాగే లేస్తాడు."

జెలిపాకి చెవులు వేడెక్కాయి. తలలో ప్రార్థన గంట మోగింది. "అయితే నేను మరిచిపోలేదు," అంది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. ఇప్పుడు నడుస్తానే ఉన్నాడు. ఈ పాఠాలు మొదలెట్టాక మూయలేదు."

"మూయనీయొద్దు. నడుస్తుండగానే పలక మీదది పుస్తకంలోకి ఎక్కించే దారి ఒకటుంది. నేనెప్పుడూ చెయ్యలేదు, తెలిసీ తెలియక చెప్పి నీ ఉసురు పోసుకోను. పెట్టినవాణ్ణే పట్టుకో. వాడొచ్చేదాకా ప్లగ్గు కాడ పడుకో."

అందుకే ఈ కాపలా.

పొద్దెక్కేసరికి న్జోవు వచ్చాడు. ఆయన బూట్ల చప్పుడుకి ముందు సబ్బు వాసన వస్తుంది. ఈ రోజు సెంటు వాసన కూడా వచ్చింది. లుసాకా నుంచి నిధులిచ్చే సంస్థ పెద్దావిడ వస్తోంది మరి.

"టీచర్ జెరె, కరెంటు సాయంత్రందాకా రాదట. బ్యాటరీల్లో ఉన్నది పెద్దావిడ వచ్చేదాకా మిగలాలి. దాన్ని ఒకసారి ఆర్పేయండి, వాళ్ళొచ్చాక వేద్దాం."

"ఆర్పను సార్."

"ఆర్పను అంటే?"

"ఆర్పితే పాఠాలన్నీ పోతాయి. కసోండె అట్టా పెట్టి పోయాడు. పోయిన రెండుసార్లూ పోయింది నా మరుపు వల్ల కాదు."

న్జోవు నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు ఎలాంటిదో జెలిపాకి తెలుసు. ముసలివాళ్ళూ చంటిపిల్లలూ మంకుపట్టు పడితే వచ్చే నిట్టూర్పు అది.

"అమ్మా, ఆయన ఇంజనీరు. పాఠాలు పోయేటట్టు ఎందుకు పెడతాడు? మీరు ఏదో విని ఏదో అనుకుంటున్నారు."

"నాకు కళ్ళు లేవు గానీ చెవులున్నాయి. కావాలంటే పంకాలు ఆపండి, ఆఫీసులో లైట్లు ఆపండి. దీని జోలికి మాత్రం రావద్దు."

"పెద్దావిడ ముందు ఇలా మాట్లాడకండి," అన్నాడు న్జోవు, గొంతు తగ్గించి.

"ఆమె ముందు ఇంకా గట్టిగా మాట్లాడతా."

ఆయన వెళ్ళిపోయాడు. ఆఫీసులో పంకా ఆగిన చప్పుడు వినిపించింది. జెలిపా టీ తాగలేదు.  తన మీద తనకే వస్తోంది కోపం. ప్రార్థన దగ్గర తల దించుకున్నందుకు.

ఎండ నెత్తికెక్కాక జీపు వచ్చింది. ముందు తలుపు చప్పుడు, వెనక తాళాల గుత్తి గలగల. కసోండె ఎక్కడికి వెళ్ళినా ఆ గుత్తి వేలికి తిప్పుకుంటూ నడుస్తాడు.

"వదినా, ఉన్నావా, ఊడావా? దారంతా మీవాళ్ళు ఎలకల్ని పుల్లలకి గుచ్చి అమ్ముతున్నారు. అందులో నీ తమ్ముళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని బండి ఆపి దణ్ణం పెట్టొచ్చా."

గుమ్మంలో టీచర్లు పకపకా నవ్వారు. ఆమె ఎలకలు తింటారని పేరున్న ఎన్గోనీ, అతను కోతులు తింటారని పేరున్న బెంబా. ఆ రెండు జాతులకీ వేళాకోళపు వరస. తాతముత్తాతలు బల్లేలతో పొడుచుకుని, ఇక పొడుచుకోకుండా తిట్టుకుందామని ఒప్పుకున్నారు. తిడితే నవ్వాలి. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు, తప్పు కట్టాలి. మామూలు రోజైతే జెలిపా ఊరుకునేది కాదు. కోతిని కూరొండుకు తిని, చేతులు కడిగేటప్పుడు మేనమామ వేళ్ళు గుర్తొచ్చి ఏడ్చే జాతి మీది అని అంటించేది. కసోండె దానికోసమే ఎదురుచూస్తున్నట్టు ఆగాడు.

"కాయితం తెచ్చావా?" అంది జెలిపా.

"తెచ్చాను. ఏంటి, ఎలక కరిచిందా?"

"తాతని లేపే ఆదేశంలో స్నాప్‌షాట్ అని ఎందుకు పెట్టావు?"

తాళాల గలగల ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ మొదలైంది.

"అబ్బో, వదిన ఇంజనీరయింది. ఇక నా ఉద్యోగం ఊడినట్టే మేడమ్," అన్నాడు, వెనకనున్న పెద్దావిడతో.

"అడిగినదానికి చెప్పు."

"మీకోసమే వదినా. ఏ మీట నొక్కినా, ఏం చెరిపేసినా, మూసి తెరిస్తే మళ్ళీ కొత్తగా ఉంటుంది. పాడవదు. మీరు తడుముకుంటూ ఏదో ఒకటి నొక్కుతారు, నేను ప్రతిసారీ అంత దూరం నుంచి రాలేను కదా."

"తడుముకుంటూ," అంది జెలిపా.

"అంటే..."

"నాకు చెప్పావా?"

"చెబితే అయోమయపడతారని..."

"బయటికి పాఠాలు తీసుకునే దారి కూడా పెట్టలేదు, అదీ అయోమయపడతామనేనా?"

కసోండె నవ్వాడు. "చూశారా మేడమ్, ఎన్గోనీల కోపం. వీళ్ళ తాతలు ఇలాగే అరుచుకుంటూ దక్షిణపు దేశాల నుంచి పరిగెత్తుకొచ్చారు. ఎందుకు పరిగెత్తారో ఇప్పటికీ వాళ్ళకే తెలియదు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. జెలిపా లేచి నిలబడింది. స్విచ్చు దగ్గర నుంచి మాత్రం జరగలేదు.

"రెండుసార్లు నా పాఠాలు పోయాయి. ఈ బడి పిల్లల ముందు నన్ను మతిమరుపు ముసలిదాన్ని చేశారు. ఆ రెండుసార్లూ నీకు ఫోను చేశా, గుర్తుందా? ఏమన్నావు?"

తాళాల గుత్తి కసోండె వేలి మీద ఒక చుట్టు తిరిగింది.

"ఎలక మెదడు ఎంతుంటుంది వదినా, అన్నావు. నేనూ నవ్వా. వరస కదా, నవ్వాలి. నీకు అప్పటికే తెలుసు, ఎందుకు పోయాయో."

"నాకు అప్పుడు తట్టలేదు..."

"తట్టింది. పెట్టింది నువ్వే."

న్జోవు మధ్యలోకి వచ్చాడు. "సరే సరే. ఇప్పుడు పోలేదు కదా. ఇంజనీరు గారు వచ్చారు, సరిచేస్తారు. మేడమ్ వేరే బళ్ళు కూడా చూడాలి."

"సరిచెయ్యడం ఆనక," అంది జెలిపా. "ముందు కాయితం ఎక్కించండి. ఉన్నది ఉన్నట్టు అచ్చు తీద్దాం. చుక్కలు పడ్డాక అతని ఇష్టం."

"అచ్చు తీయాలంటే రేపటిదాకా పడుతుంది," అన్నాడు కసోండె. "ఇది నిమిషంలో పని. కంట్రోలు మీట పట్టుకుని ఇంగ్లీషు 'ఏ' నొక్కి, వదిలేసి 'సీ'. పైన కూర్చుని తాతని చూసే గది తలుపు తెరుచుకుంటుంది. అక్కడ ఒక్క మాట కొడితే పలక మీదదంతా పుస్తకంలోకి ఎక్కేస్తుంది. అంతే."

"అయితే నేను నొక్కుతా. నువ్వు చెప్పు."

"జరుగు వదినా. నీ వేళ్ళు పొలంలో వేరుశెనక్కాయలు ఏరుకోవడానికి బాగుంటాయి."

"అచ్చు అయ్యేదాకా వద్దన్నా."

"టీచర్ జెరె," అన్నాడు న్జోవు, ఈసారి గొంతు పెంచి. "లేవండి."

ఆమె కదల్లేదు. కసోండె ఆమె భుజం మీదుగా వంగాడు. దారి దుమ్ము వాసన, పిప్పరమెంటు వాసన. తాళాల గుత్తి బల్ల మీద పెట్టిన చప్పుడు. "ఇదిగో మేడమ్, చూడండి, పాత యంత్రం కొత్తదానిలో ఎలా బతుకుతుందో," అంటూ పెద్దావిడ వైపు తిరిగి మాట్లాడుతూనే మీటలు నొక్కాడు. టక్, టక్.

కంప్యూటరు గొంతు తాత మాట చెప్పలేదు. పై గది మాటా చెప్పలేదు. కొత్త కంప్యూటరు తన పేరు తను చెప్పుకుని, ఏం చెయ్యమంటారన్నట్టు ఆగింది.

జెలిపాకి అర్థమైపోయింది. తాత లోపల ఉంటే ఆ పేరు వినపడదు.

"ఏం నొక్కావు?" అంది.

కసోండె మీటలు గబగబా కొట్టాడు. గొంతు మళ్ళీ అదే పేరు చెప్పింది.

"ఏం నొక్కావు?"

"పక్కది," అన్నాడు. సీ పక్కన ఎక్స్ ఉంటుంది. ఆ ఎక్స్ తాత పీక పిసకడానికి. మూయమంటావా అని అడగడం కూడా ఉండదు. "వేలు జారింది. ఈ మీటల మీద ఈ చుక్కల బిళ్ళలు అంటించారు కదా, వాటి మీద..."

"అవి ఉన్నది వేలు జారకుండా."

 బయట పిల్లలు తాడాట ఆడుతూ లెక్క పాడుతున్నారు. పెద్దావిడ మెల్లగా అడిగింది, "పోయిందా? అంతా?" న్జోవు గొంతు సవరించుకుని, సవరించుకున్న గొంతుతో ఏమీ అనలేకపోయాడు.

మౌనం కసోండెకి చేతకాదు. జీవితమంతా దాన్ని నవ్వుతో పూడ్చుకుంటూ వచ్చినవాడు. ఇప్పుడూ ఆ అలవాటే నోరు తెరిపించింది.

"ఏడవకు వదినా. చావన్నాక తప్పదు. గొయ్యి నేను తవ్వుతాలే."

అన్నాక నాలిక కరుచుకున్నాడు. ఆ చప్పుడు కూడా జెలిపాకి వినిపించింది.

ఆమె ఏడవడం లేదు. బల్ల మీదికి చెయ్యి చాపింది. తాళాల గుత్తి ఎక్కడ పెట్టాడో విన్నది కాబట్టి తడుముకోవాల్సిన పని లేకపోయింది. తీసి గుప్పిట్లో పట్టుకుంది.

"అందరూ విన్నారుగా," అంది, గుమ్మం వైపు తిరిగి. "గొయ్యి తవ్వుతానని తన నోటితో తనే అన్నాడు."

చావింట్లో గొయ్యి తవ్వేది వేళాకోళపు వరసవాళ్ళే. సొంతవాళ్ళు ఏడుస్తుంటారు, వాళ్ళకి చేతులాడవు. ఒప్పుకున్న వరసవాడు మట్టి కప్పేదాకా ఊరు దాటకూడదు. దాటబోతే చేతికందింది లాక్కుంటారు. చావింట ఏ వైపువాళ్ళు ఏది లాక్కున్నా నవ్వాలే తప్ప గొడవ పడకూడదు.

"వదినా, తాళాలు ఇవ్వు. వేళాకోళం సమయమా ఇది?"

"నేనూ అదే అడిగా పొద్దుటి నుంచీ. నువ్వు ఆపలేదు."

"అది ఆఫీసు బండి, టీచర్ జెరె," అన్నాడు న్జోవు.

గుమ్మంలోంచి ఆయా అందుకుంది. "చావింట పట్టుకున్నది ఆఫీసుదైనా ఆకాశానిదైనా తిరిగి అడగరు సార్. మా నాన్న చచ్చినప్పుడు వీళ్ళ బెంబా పోలీసాయన మా మేకని ఎత్తుకుపోయాడు. మేం నవ్వామా లేదా?"

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు కసోండె. ఆ గొంతులో నవ్వు లేదు. జెలిపా ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

"టిసియెంజి లేదు. చదివి పెట్టేవాళ్ళు లేరు. పుస్తకాలు ఆ అలమరలో ఉన్నాయి. నీకు కళ్ళున్నాయి. చదువు. నేను కొడతా. చివరి పాఠం అచ్చయ్యాక తాళాలిస్తా."

"అది నెలల పని."

"నెలలు పట్టింది సాయంత్రం పూట చేస్తే. పొద్దుణ్ణుంచి చెయ్యి, పరీక్ష ముందు అవుతుంది."

"నాకు లుసాకాలో పనులున్నాయి. పెళ్ళాం పిల్లలున్నారు. మేడమ్‌ని తీసుకెళ్ళాలి. మేడమ్, మీరైనా చెప్పండి."

పెద్దావిడ చెప్పడానికి కాస్త ఆలస్యం చేసింది. "నేను బస్సులో పోతాను కసోండె. మీరు ఉండండి. మీ ఆఫీసుకి నేను చెబుతాను," అంది. తర్వాత జెలిపా దగ్గరికి వచ్చి, "మీ మాట విని ముందు కాయితం ఎక్కించాల్సింది," అంది.

"ఎక్కించాల్సింది," అంది జెలిపా. ఆమెని కూడా వదల్లేదు.

ఆ మధ్యాహ్నమే జెలిపా మొదట చేసింది ఆ స్నాప్‌షాట్ మాట తీయించడం. కసోండె తీశాడు. ఆదేశం మొత్తం అక్షరం అక్షరం పలికించుకుంది. మళ్ళీ పలికించుకుంది. తాతలో ఒక ఉత్తుత్తి వాక్యం కొట్టి, దాచి, మూయించి, తిరిగి లేపించింది. వాక్యం ఉంది. "ఇంకోసారి," అంది. ఇంకోసారి చేశాక కుర్చీలో కూర్చుని, "మొదటి పాఠం," అంది.

కసోండెది లుసాకా న్యాంజా. సగం బజారు మాటలు, సగం ఇంగ్లీషు. పుస్తకంలోని నిండు న్యాంజా అతని నోట్లో రాళ్ళలా పడింది.

"కాదు. మళ్ళీ చదువు."

"అదే కదా చదివాను."

"నువ్వు చదివింది కూరగాయల బేరం. పుస్తకంలో ఏముందో అది చదువు."

పగలంతా చదివించింది. ఎండకి రేకులు పటపటలాడేవి. మధ్యాహ్నం ఆయా మొక్కజొన్న పిండి న్షిమా ముద్దలూ గుమ్మడాకు కూరా తెచ్చేది. ఇద్దరూ ఒకే గిన్నెలో చేతులు కడిగి, మాట్లాడకుండా తినేవాళ్ళు. మొదట్లో అతను ఎలకల మాట ఎత్తాడు. ఆమె జవాబివ్వలేదు. మళ్ళీ ఎత్తాడు. "చదువు," అంది. రాళ్ళు మెల్లమెల్లగా మాటలయ్యాయి. కరువులో విత్తనాల బుట్టని తాకకుండా చచ్చిపోయిన ముసలమ్మ పాఠం చదువుతూ ఒకచోట అతని గొంతు ఆగింది. జెలిపా వేళ్ళు మీటల మీదే ఉంచి ఎదురుచూసింది. ఏమీ అనలేదు. ఆ పాఠాన్ని ఆమె అంతకుముందే ఒకసారి కొట్టింది. ఒగరుస్తూ చదివిన టిసియెంజి కూడా అక్కడే ఆగింది.

న్జోవు ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "టీచర్ జెరె, మీ గురించి నేనన్నది... తొందరపడ్డాను."

"ఎక్కడన్నారు?"

"ఏంటి?"

"ఆ మాట ఎక్కడన్నారు సార్? ఇక్కడ కాదుగా."

మర్నాడు ప్రార్థన దగ్గర ఆయన చెప్పాడు. తడబడుతూ, చిన్న గొంతుతో, మధ్యలో వానల గురించి కూడా కలిపి చెప్పాడు. వెనక వరసలో పిల్లలకి వినపడలేదు. జెలిపా "వెనక వినపడలేదు సార్," అంది. మళ్ళీ చెప్పాడు.

మామిడికాయలు రాలడం మొదలయ్యాక, మొదటి వాన ఇంకా పడకముందు, చివరి పాఠం అచ్చులోకి వెళ్ళింది. యంత్రం కాయితాన్ని పొడుస్తుంటే గది గోడలు అదిరేవి. ఏడో తరగతి పిల్లలు కిటికీ బయట బారులు తీరి నిలబడి ఆ చప్పుడు విన్నారు. తడిమి చూడటానికి మొదట ఎవరికివ్వాలో వాళ్ళలో వాళ్ళు తోసుకున్నారు. జెలిపా ప్రతి పేజీ మీదా వేలు నడిపింది. ఒకచోట తప్పు దొరికితే ఆ పేజీ చింపి మళ్ళీ తీయించింది.

కసోండె సంచి సర్దుకుని వచ్చాడు. గడ్డం పెరిగింది కాబోలు, చెంప గీరుకున్న చప్పుడైంది.

"అయిపోయింది కదా వదినా."

జెలిపా నడుముకి చుట్టుకున్న గుడ్డ ముడి విప్పి తాళాల గుత్తి తీసి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని వేలికి తిప్పలేదు. కదలకుండా నిలబడ్డాడు. ఒక్క తిట్టు కోసం, కోతి మాట కోసం, మేనమామ వేళ్ళ కోసం ఎదురుచూశాడు. అది వస్తే అన్నీ కడుక్కుపోతాయని అతనికి తెలుసు. ఆమెకీ తెలుసు.

"ఒక్క మాటైనా అనవా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ నేనంటే పడ్డావు, నీ వంతు మిగిలిపోయింది."

జెలిపా అచ్చయిన పుస్తకాల దొంతర సర్దుతోంది. సర్దడం ఆపి అతని వైపు ముఖం తిప్పింది.

"దారిలో జాగ్రత్తగా వెళ్ళండి, ఇంజనీరు గారూ," అంది.